ఈగ చిన్నది... శుక్రకణం రెండంగుళాలు!

పోటీ పరీక్షల బిట్ బ్యాంకుల్లో ఏళ్ల తరబడి కదలకుండా కూర్చున్న ప్రశ్న ఒకటుంది. ప్రపంచంలో అతిపెద్ద కణం ఏది? జవాబు: నిప్పుకోడి గుడ్డు. గ్రూప్స్‌కి చదివేవాళ్లని అర్ధరాత్రి లేపి అడిగినా తడుముకోకుండా చెబుతారు. మార్కూ పడుతుంది. కానీ ఆ జవాబు సగమే ఒప్పు.

గుడ్డంతా కణం కాదు. పెంకు, దాని లోపలి పొర, తెల్లసొన అన్నీ అండవాహికలోంచి దిగివస్తున్నప్పుడు పైన చేరిన సరంజామా. అసలు కణం పచ్చసొన ఒక్కటే. అది కూడా పుంజుతో జత కట్టని పెట్ట పెట్టిన గుడ్డయితేనే. ఫలదీకరణ జరిగిన గుడ్డులో పచ్చసొన మీద కనిపించే చిన్న తెల్లమచ్చ, గుడ్డు బయటికి వచ్చేసరికే వేల కణాలుగా విడిపోయి ఉంటుంది. అంటే అట్టల్లో పేర్చి అమ్మే ఫారం గుడ్డుతో ఆమ్లెట్ వేసుకుంటే మీరు తిన్నది ఒకే ఒక్క కణం పచ్చసొన. ఇంటి పెరట్లో పుంజుతో తిరిగే నాటుకోడి గుడ్డయితే చెప్పలేం.

కోడి గురించి ఇంకో సంగతి. అండాశయం నుంచి పచ్చసొన జారాక ఫలదీకరణకు దొరికే వ్యవధి పావుగంటే. ఆ తర్వాత తెల్లసొన కప్పేస్తుంది, శుక్రకణం లోపలికి పోలేదు. ఇంత తక్కువ వ్యవధిలో పుంజు వచ్చే దాకా ఆగితే కోడిజాతి ఎప్పుడో అంతరించేది. అందుకే పెట్ట తన అండవాహికలోని సన్నటి గొట్టాల్లో శుక్రకణాలను రెండు వారాల పైబడి దాచుకుంటుంది. పుంజును అమ్మేశాక కూడా పెట్ట పొదిగిన గుడ్లు పిల్లలవడం కోళ్లు పెంచేవాళ్లకు కొత్త కాదు.

గుడ్డు పరిమాణంలో నేటి రికార్డు నిప్పుకోడిదే, బరువు కిలోన్నర దాకా ఉంటుంది. కానీ మడగాస్కర్ దీవిలో సుమారు వెయ్యేళ్ల కిందటి దాకా బతికిన ఏనుగు పక్షి ముందు అది చిన్నదే. దాని గుడ్డు అడుగు పొడవు, లోపల ఎనిమిది నుంచి పది లీటర్లు పడుతుంది. తల్లి బరువుతో పోల్చి చూస్తే మాత్రం బహుమతి న్యూజిలాండ్ కివికి ఇవ్వాలి. కోడంత పక్షి, గుడ్డు తన బరువులో ఐదో వంతు.

ఒంటిని మించిన శుక్రకణం

మన పదో తరగతి పుస్తకం బొమ్మలో శుక్రకణం అంటే తోకకప్ప ఆకారం. తల, మధ్యభాగం, తోక, నాలుగు బాణం గుర్తులు. పరీక్షలో గీయడానికి సులువు. ప్రకృతి మాత్రం ఆ ఒక్క బొమ్మతో ఆగలేదు.

డ్రోసోఫిలా బైఫర్కా అనే పండ్ల ఈగ ఉంది. ఒళ్లు 3 మిల్లీమీటర్లు. దాని శుక్రకణం పొడవు 5.8 సెంటీమీటర్లు, అంటే రెండంగుళాల పైమాటే. ఒంటికి దాదాపు 20 రెట్లు. ఇదే నిష్పత్తి మనిషికి పెడితే శుక్రకణం వంద అడుగులు దాటుతుంది. 1995లో స్కాట్ పిట్నిక్ బృందం ‘నేచర్’ పత్రికలో ఈ లెక్క ప్రకటించింది. అంత పొడవున్నది ఇంత చిన్న ఒంట్లో ఎలా పడుతుందంటే, దారపుండలా చుట్టుకుని ఉంటుంది. ఇంత భారీ సరుకు లక్షల్లో తయారుచేయడం ఏ ఈగ వల్లా కాదు. అందుకే మగ ఈగ వీటిని పొదుపుగా, కొద్దికొద్దిగా అందిస్తుంది. ‘మగ బీజకణాలు అతి చిన్నవి, లెక్కలేనన్ని’ అని బడిలో చెప్పే సూత్రానికి ఈ ఈగ ఒప్పుకోదు.

ఇంత పొడవు ఎందుకంటే ఆడ ఈగ వల్ల. శుక్రకణాలను దాచుకునే దాని నాళం సుమారు 8 సెంటీమీటర్లు. అందులో పొడుగు శుక్రకణాలు పొట్టివాటిని బయటికి నెట్టి చోటు పట్టేస్తాయి. ఆడదాని నాళం పొడుగవుతున్నకొద్దీ మగదాని శుక్రకణమూ పొడుగవుతూ వచ్చింది. తరతరాల ఈ ఎంపికలో పగ్గాలు ఆడ ఈగ చేతిలోనే ఉన్నాయి.

ఈ తంతు ఇవాళ్టిది కాదు. 2020లో మయన్మార్ అంబర్‌లో, అంటే చెట్టుజిగురు గట్టిపడిన శిలాజంలో, రొయ్యలకు దూరపు చుట్టాలైన ఆస్ట్రకాడ్ అనే అతి చిన్న జీవులు దొరికాయి. వయసు పది కోట్ల ఏళ్లు. ఒక ఆడ జీవి లోపల శుక్రకణాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి పొడవు ఆ జీవి ఒంట్లో మూడో వంతు. డైనోసార్లు తిరిగే రోజులకే జతకట్టిన జీవి, పిల్లలు పుట్టకముందే జిగురులో చిక్కుకుపోయింది.

పెద్ద జంతువుకు పెద్ద శుక్రకణం ఉంటుందనుకుంటే అదీ తప్పే. ఏనుగు శుక్రకణం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఎలుకది దానికి రెట్టింపు పైనే. పాలిచ్చే జంతువుల్లో రికార్డు ఆస్ట్రేలియాలో పూల తేనె తాగి బతికే హనీ పాసమ్‌ది. ఒళ్లు పది గ్రాములు, శుక్రకణం మిల్లీమీటరులో మూడో వంతుకు పైన.

తోక లేనివీ ఉన్నాయి. ప్రయోగశాలల్లో పెంచే సీ ఎలిగాన్స్ అనే సన్నటి పురుగు శుక్రకణం ఈదదు, అమీబాలా పాకుతుంది. ఏలిక పామూ అదే వర్గం. ఎకిడ్నా శుక్రకణాలు వందేసి కలిసి ఒకే కట్టగా ఈదుతాయి.

పరుగు పందెం కథ

మనిషి విషయానికి వస్తే పాఠం ఇంచుమించు సినిమా కథలా చెబుతారు. కోట్ల శుక్రకణాలు పందెంలో దూసుకెళ్తాయి, అన్నిటికన్నా వేగంగా ఈదినది అండాన్ని చీల్చుకుని లోపలికి వెళ్తుంది, అండం అప్పటిదాకా కదలకుండా ఎదురుచూస్తుంది. అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎమిలీ మార్టిన్ 1991లో ఓ వ్యాసంలో పాఠ్యపుస్తకాల ఈ ధోరణిని దుయ్యబట్టారు. మగ వీరుడు, ఆడ నిరీక్షణ అనే మన సామాజిక అలవాటు సైన్సు వాక్యాల్లోకి చొరబడిందని ఆమె వాదన. ముప్పయ్యేళ్లు దాటినా ఆ కథ మన క్లాసుల్లో పదిలంగానే ఉంది. నా దృష్టిలో ఈ పాఠానికి జరిగిన పెద్ద అన్యాయం అదే. పిల్లలు సిగ్గుపడటం కన్నా ఇది పెద్దది.

ఎందుకంటే పందెంలో ముందొచ్చినా పని జరగదు. స్త్రీ శరీరంలో కొన్ని గంటలు గడిపాకే శుక్రకణానికి ఫలదీకరణ చేసే శక్తి వస్తుంది. 1951లో ఎం.సి. చాంగ్, కోలిన్ ఆస్టిన్ ఇద్దరూ వేర్వేరుగా దీన్ని కనిపెట్టారు. గర్భాశయ కండరాల కదలికలు కూడా శుక్రకణాలను ముందుకు తీసుకెళ్తాయి. సొంత ఈత ఒక్కటే దాన్ని గమ్యం చేర్చదు. బయల్దేరిన ఇరవై ముప్పై కోట్లలో అండం దగ్గరికి చేరేవి వందల్లోనే.

చివర్లో అండం గోడ మీద ఒక ప్రోటీన్, శుక్రకణం మీద ఒక ప్రోటీన్ ఒకదానికొకటి అతుక్కోవాలి. శుక్రకణం ప్రోటీన్‌ను 2005లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టి, పెళ్లి సంబంధాలు కుదిరేలా చూస్తుందని వాళ్లు నమ్మే ఇజుమో ఆలయం పేరు పెట్టారు. దానికి జోడీ అయిన అండం ప్రోటీన్ 2014లో బ్రిటన్‌లో దొరికింది. దానికి రోమన్ల వివాహ దేవత జూనో పేరు. ఒక్క శుక్రకణం లోపలికి రాగానే అండం జూనోను వదిలించుకుంటుంది, రెండోదానికి ఇక అతుక్కునే చోటు ఉండదు. 2020లో ఇంకో సంగతి తేలింది. అండం చుట్టూ ఉండే ద్రవం కొందరు పురుషుల శుక్రకణాలను ఎక్కువగా, కొందరివి తక్కువగా ఆకర్షిస్తుంది. అది భర్తవే కావాలని నియమమేమీ లేదు!

అంకెల్లో చూస్తే ఆడ మగ తేడా ఇంకా స్పష్టం. పురుషుడిలో శుక్రకణాలు యవ్వనం నుంచి చివరిదాకా తయారవుతూనే ఉంటాయి, సెకనుకు వెయ్యికి పైగా. ఒక్కో కణం తయారీకి రెండు నెలల పైన పడుతుంది. ఆడపిల్ల లెక్క దీనికి తలకిందులు. తల్లి కడుపులో ఐదో నెల గర్భస్థ శిశువుగా ఉండగానే ఆమెలో అరవై డెబ్బై లక్షల అండకణాలు ఉంటాయి. పుట్టేసరికి పది, ఇరవై లక్షలు. రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు. జీవితం మొత్తం మీద విడుదలయ్యేవి నాలుగైదు వందలు.

క్షయకరణ విభజన పాఠంలో టీచర్లు దశల పేర్లు వల్లె వేయిస్తారు కానీ అసలు వింత చెప్పరు. ఆడపిల్ల పుట్టకముందే మొదలైన ఆ విభజన మొదటి దశలోనే ఆగిపోతుంది. అండం విడుదలయ్యే నెల వస్తేగాని ముందుకు కదలదు. పన్నెండేళ్లు ఆగవచ్చు, నలభై ఎనిమిదేళ్లూ ఆగవచ్చు. చివరి అంకం శుక్రకణం తగిలితేనే పూర్తవుతుంది. వయసు మీరాక క్రోమోజోముల పంపకంలో పొరపాట్లు ఎక్కువవడానికి ఈ సుదీర్ఘ విరామం ఒక ముఖ్య కారణం. ఇంకో లెక్క ఏంటంటే, మీరు పుట్టిన అండం మీ అమ్మమ్మ మీ అమ్మను కడుపుతో మోస్తున్నప్పుడే తయారైంది.

లీవెన్‌హుక్ మొహమాటం

శుక్రకణాన్ని మొదట చూసి లోకానికి చెప్పినవాడు హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణ బట్టల వర్తకుడు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. 1677లో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాస్తూ, పండితులకు ఇది అసహ్యంగా తోస్తే ప్రచురించవద్దని ముందుజాగ్రత్తగా మొహమాటపడ్డాడు. వాళ్లు ప్రచురించారు. 1694లో నికొలాస్ హార్ట్‌సోకర్ ఇంకో అడుగు ముందుకేసి, శుక్రకణం తలలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న బుల్లి మనిషి బొమ్మ గీశాడు. చూసింది కాదు, ఉండవచ్చని ఊహించింది. అయినా ఆ బొమ్మ ఇప్పటికీ పుస్తకాల్లో తిరుగుతోంది.

ఇటలీలో మతగురువు, శాస్త్రవేత్త అయిన స్పలాంజానీ 18వ శతాబ్దంలో మగకప్పలకు పట్టుగుడ్డతో లాగులు కుట్టి తొడిగాడు. లాగు వేసుకున్న కప్పలు జత కట్టినా గుడ్లు పిల్లలవలేదు. లాగులో చిక్కిన ద్రవాన్ని తీసి గుడ్లకు అంటిస్తే అయ్యాయి. జీవశాస్త్ర చరిత్రలో ఇంత నవ్వు తెప్పించే పరికరంతో ఇంత గట్టి రుజువు ఇంకొకటి నాకు తెలీదు.

మరి అండమో? మనిషి శరీరంలో అన్నిటికన్నా పెద్ద కణం అదే, మిల్లీమీటరులో పదో వంతు, చూపు బాగుంటే కంటికే చుక్కలా కనిపిస్తుంది. అయినా క్షీరదాల అండాన్ని కార్ల్ ఎర్నెస్ట్ వాన్ బేయర్ ఒక కుక్క అండాశయంలో చూసింది 1827లో. శుక్రకణం కన్నా నూట యాభై ఏళ్లు ఆలస్యంగా!

ఈదే మొక్కలు, రెండో పెళ్లి గింజలు

మొక్కలకూ ఈదే శుక్రకణాలుంటాయంటే ఇంటర్ పిల్లలు నమ్మరు. నాచు, ఫెర్న్ సంగతి సరే, చెట్లలో కూడా ఉన్నాయని 1896లో బయటపెట్టింది టోక్యో విశ్వవిద్యాలయంలో బొమ్మలు గీసే సహాయకుడిగా చేరిన హిరాసే సకుగోరో. అక్కడి కొయిషికావా ఉద్యానవనంలోని గింకో చెట్టు విత్తనాల్లో ఆయన వాటిని చూశాడు. పెద్ద డిగ్రీ లేదు. మరుసటి ఏడే విశ్వవిద్యాలయం వదిలి ఒక బడిలో పంతులుగా చేరాడు. 1896లోనే సైకస్‌లో ఈదే కణాలు చూసిన ఇకెనోతో కలిపి ఆయనకు 1912లో ఇంపీరియల్ బహుమతి దక్కింది. ఆ గింకో చెట్టు ఇంకా ఉంది.

మొక్కల్లో అతిపెద్ద శుక్రకణాలు సైకస్ బంధువులవి. కొన్నింటిలో మిల్లీమీటరులో మూడో వంతు దాటి, పదివేలకు పైగా కశాభాలతో తిరుగుతాయి. ఈ వంశపు మొక్క మనకూ ఉంది. శేషాచలం, కడప కొండల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగని సైకస్ బెడ్డోమి. మందుల పేరుతో దాని మగ శంకువులను కోసేయడం వల్ల అది అంతరించే జాబితాకెక్కింది.

పూలమొక్కల్లో ఈత లేదు. పుప్పొడి రేణువు ఒక గొట్టాన్ని పెంచి, అందులోంచి రెండు మగ బీజకణాలను పంపుతుంది. ఇక్కడ ఇంకో బిట్ తప్పు సవరించాలి. పుప్పొడి రేణువే మగ బీజకణం కాదు, వాటిని మోసుకొచ్చే బండి మాత్రమే. దూరంలో రికార్డు చూడాలంటే మొక్కజొన్న చేలోకి వెళ్లండి. కంకి కొసన వేలాడే పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజకు చెందిన కీలం. పోగు అడుగు దాకా ఉంటుంది. కొసన పడిన పుప్పొడి అంత పొడవునా గొట్టం పెంచి సుమారు ఒక రోజులో గింజ స్థానాన్ని చేరుతుంది. కంకిలో గింజ పట్టని ఖాళీ కనిపిస్తే, చాలాసార్లు ఆ పోగుకు పుప్పొడి అందలేదని అర్థం.

రెండు మగ కణాలు ఎందుకో 1898లో కీవ్‌లో సెర్గీ నవాషిన్ తేల్చాడు. ఒకటి అండంతో కలిసి మొలకవుతుంది. రెండోది పక్కనున్న కేంద్రకాలతో కలిసి మొలకకు తిండి, అంటే అంకురచ్ఛదం అవుతుంది. ద్విఫలదీకరణం అని మూడు మార్కులకు రాసి మర్చిపోయే ఈ విషయం మీదే మన కంచం నడుస్తోంది. వడ్లు మిల్లాడి పాలిష్ పట్టినప్పుడు మొలక భాగం తవుడుతో పోతుంది. మనం తినే తెల్లన్నం మొత్తం ఆ రెండో ఫలదీకరణం ఫలితమే. కొబ్బరిబొండంలో తాగే నీళ్లు, లోపలి కొబ్బరి కూడా అంతే.

అసలు ఫలదీకరణమే లేకుండా పుప్పొడి నుంచి మొక్క వస్తుందా? 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సిప్రా గుహ, ఎస్.సి. మహేశ్వరి ఉమ్మెత్త పూల పరాగకోశాలను పోషక మాధ్యమంలో పెంచి పిండాలు రప్పించారు. అవి సగం క్రోమోజోములతోనే మొక్కలయ్యాయి. ఈ పద్ధతి తర్వాత వరి, పొగాకు కొత్త వంగడాల తయారీకి దారి వేసింది. ఉమ్మెత్త పువ్వును బడిలో పూభాగాలు చూపడానికి కోసినప్పుడు ఈ ఒక్క మాట కూడా చెబితే బాగుంటుంది.

సగం క్రోమోజోములంటే గుర్తొచ్చింది. జాక్ జంపర్ వర్గంలోని ఒక ఆస్ట్రేలియా చీమలో మగదానికి మొత్తం ఉన్నదే ఒక్క క్రోమోజోము. రెండో కొసన ఓఫియోగ్లాసమ్ అనే చిన్న ఫెర్న్, కణానికి 1440. అంటే దాని బీజకణంలో 720. ఆ మొక్క లెక్కలను 1954లో మొదలుపెట్టింది కేరళకు చెందిన అబ్రహాం, నైనన్. ఎన్‌సీఈఆర్‌టీ పాత పుస్తకంలో మాత్రం 1260 అనే ఉండేది.

నత్రజని డబ్బాలో యాభై ఏళ్లు

శుక్రకణాలు దాచుకోవడంలో రాణి చీమ ఘనురాలు. జీవితంలో ఒకే ఒక్క విడత జత కట్టి, ఆ శుక్రకణాలతోనే ఏళ్ల తరబడి గుడ్లు పెడుతుంది. ఐరోపా నల్లచీమ రాణి ఒకటి పెంపకంలో 28 ఏళ్లు బతికింది.

మనిషి దీన్ని ద్రవ నత్రజనితో సాధించాడు. 1968లో సిడ్నీలో గడ్డకట్టించిన పొట్టేలు వీర్యంతో యాభై ఏళ్ల తర్వాత గొర్రెలకు కట్టిస్తే, తాజా వీర్యంతో సమానంగానే చూలు నిలిచింది. మన పల్లెల్లో ఇది వింతే కాదు. గేదె ఎదకొస్తే గోపాలమిత్రకు ఫోన్ వెళ్తుంది, ఆయన మోటార్‌సైకిల్‌కి కట్టుకొచ్చే డబ్బాలో మైనస్ 196 డిగ్రీల చలిలో సన్నటి గొట్టాలుంటాయి. ఒక్కో గొట్టంలో పావు మిల్లీలీటరు, రెండు కోట్ల శుక్రకణాలు. ‘సూది వేయించాం’ అని రైతు ఒక్క మాటలో తేల్చేస్తాడు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇదే విద్యను అడవి జంతువుల వైపు తిప్పి, కృత్రిమ గర్భధారణతో 2006లో చుక్కల జింక పిల్లను, మరుసటి ఏడాది కృష్ణజింక పిల్లను పుట్టించారు.

ధరలో రికార్డు మన ఒంగోలు రక్తానిదే. 1960ల్లో బ్రెజిల్ వెళ్లిన కర్వాడి ఎద్దు పేరు ఒంగోలు దగ్గరి కరవది ఊరిది. ఒంగోలు వంశం అక్కడ నెలోర్ జాతిగా కోట్లలో విస్తరించింది. వాటిలో వియాటినా-19 అనే ఆవు 2023 వేలంలో 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టించుకుని గిన్నిస్‌కెక్కింది. దాని అండకణాల కోసం కూడా పశుపోషకులు లక్షల డాలర్లు పెడుతున్నారు.

మరో రికార్డు గుంటూరుది. 2019లో అక్కడి ఆస్పత్రిలో డెబ్బై దాటిన మహిళ కవలలను కన్నారు. అండం ఆమెది కాదు, దాత ఇచ్చినది. వయసు మీరినా గర్భాశయం మోయగలదు, అండం మాత్రం ఆగదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ లేదు. ఆ తర్వాత వచ్చిన 2021 చట్టం ఇలాంటి కృత్రిమ గర్భధారణ చికిత్సకు స్త్రీల వయోపరిమితి యాభైగా పెట్టింది. కాబట్టి మన దేశంలో ఆ రికార్డును చట్టప్రకారం ఎవరూ తిరగరాయలేరు. నా మటుకు అదే మంచిది.

ఇక ఉపాధ్యాయులకో మనవి. ప్రత్యుత్పత్తి పాఠం రాగానే ‘ఇది ఇంటి దగ్గర చదువుకోండి’ అని పేజీలు తిప్పేయకండి. ఒక మొక్కజొన్న కంకి తెచ్చి, పీచులో ఒక్కో పోగు ఏ గింజ దగ్గర ముగుస్తుందో పిల్లల చేత వెతికించండి. సిగ్గు సంగతి వాళ్లకి గుర్తుండదు.